వెనక చక్రం నట్లు

లార్డ్ హోవ్ దీవి,
జూన్ 4

తమ్ముడు క్లెమ్‌కి,

నువ్వు ఎలా ఉన్నావు? చెవిలో హోరు తగ్గిందా? డాక్టరు ఇచ్చిన మెషీను పెట్టుకుంటున్నావా, సొరుగులో పడేశావా? మరదలు హేజెల్ మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు పక్కన ఉంటున్నావా? మీ ముసలి కుక్కకి చూపు పోయిందని క్రిస్మస్ కార్డులో రాశావు, పాపం ఇంకా గోడలకి గుద్దుకుంటోందా? ఇక్కడ మా అమ్మాయి లీనెట్ బాగానే ఉంది. జూన్ అంటే మనకి చలికాలం కదా, మోచెయ్యి లాగుతుంది, పైకి చెప్పదు. దాని కూతురు పిప్పాకి జలుబు. నాకు ఏ జబ్బూ లేదు. ఏదీ లేదంటే పెద్దదేదో వస్తుందేమోనని భయం.

నడి ఏడాదిలో నా ఉత్తరం చూసి ఎవరో పోయారని హడలిపోయి ఉంటావు. ఎవరూ పోలేదు. పిప్పాకి సైకిల్ కావాలట.

అయిదేళ్లు నిండాయి. బడికి అందరూ సైకిళ్ల మీద పోతుంటే ఇది వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తుంది. లీనెట్ ఆ రోజు తర్వాత మళ్లీ సైకిలెక్కలేదు కదా. మొన్న వంటింట్లో పిప్పా ఏమందో తెలుసా? "అమ్మా, మన కుటుంబం నడిచే కుటుంబమా?" అంది. లీనెట్ దాని కాళ్ల వంక చూసి, "కొంటాను. కాస్త పెద్దదే కొంటాను, నాలుగేళ్లు వస్తుంది" అంది.

పెద్దది అనగానే ఈ కాగితం తీసి కూర్చున్నాను. పిల్లకి ఎంత సైకిల్ సరిపోతుంది తమ్ముడూ? దీని ఎత్తు నూట ఏడు సెంటీమీటర్లు. నిన్ను కాక ఇంకెవర్ని అడగను? మనం సైకిల్ మాట ఎత్తి ముప్పై ఎనిమిదేళ్లయిందని నాకు తెలుసు. కోపం వస్తే జవాబు రాయకు, కానీ ఉత్తరం చించకు.

నీ అక్క,
మావిస్


పోర్ట్ మక్వారీ,
జూన్ 19

అక్కా,

చెవి అలాగే ఉంది. మెషీను సొరుగులోనే ఉంది. హేజెల్ మోకాలికి ఆపరేషన్ చెప్పారు. కుక్క బాగుంది, గోడలు ఎక్కడున్నాయో నేర్చుకుంది.

నేను సైకిళ్ల పని వదిలేశానని నీకు తెలుసు. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఎత్తు కొలిచి లాభం లేదు. కాలు కొలవాలి. పిల్లని జోళ్లు లేకుండా గోడకి ఆనించి నిలబెట్టు. ఒక గట్టి పుస్తకం రెండు కాళ్ల మధ్య పైదాకా ఆనించి, దాని పై అంచు గోడ మీద ఎక్కడ తగిలిందో గీత గియ్యి. నేల నుంచి ఆ గీత దాకా కాలి కొలత. సీటు పూర్తిగా కిందికి దించినప్పుడు దాని ఎత్తు ఆ కొలతకి ఒక వేలెడు తక్కువ ఉండాలి. అప్పుడే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతాయి.

ఎదుగుతుందని పెద్దది కొనొద్దని లీనెట్‌తో చెప్పు. జోళ్లు రెండేళ్లు పెద్దవి కొని తొడుగుతామా? పెద్ద సైకిల్ మీద పిల్ల నేర్చుకునేది తొక్కడం కాదు, భయం. బరువు కూడా చూడు. పిల్ల తనంత తాను పడిన సైకిల్ లేపగలగాలి. లేపలేకపోతే అది దానిది కాదు.

పక్క చక్రాలు వద్దు. వాటి మీద పిల్ల మలుపులో తప్పు వైపుకి ఒరగడం అలవాటు చేసుకుంటుంది. పెడళ్లు రెండూ విప్పేసి, సీటు దించి, కాళ్లతో తోసుకోనివ్వండి. తూకం వచ్చాక పెడళ్లు పెట్టండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మర్చిపోవద్దు.

ఈ మాటలు నేను రాశానని లీనెట్‌కి చెప్పకు. వినదు. నేను సైకిల్ ఇచ్చిన చివరి పిల్ల అదే కదా.

క్లెమ్


లార్డ్ హోవ్ దీవి,
జూలై 11

తమ్ముడూ,

హేజెల్ ఆపరేషన్ ఏ రోజు? మత్తు ఇచ్చే ముందు ఏమీ తినొద్దని చెప్పారా? నేను ఇక్కడ కూర్చుని అదే తలుచుకుంటున్నాను.

కొలిచాం. పుస్తకం పెడితే పిల్లకి చక్కిలిగింతలు, గోడ మీద మూడు గీతలు పడ్డాయి. మధ్య గీత పట్టుకున్నాం, నలభై ఆరు సెంటీమీటర్లు. కొత్తది కొనలేదు. ఈ ఊళ్లో సంగతి నీకు తెలుసుగా, పిల్లల సైకిల్ ఒకరి నుంచి ఒకరికి పోతూనే ఉంటుంది. బడి పంతులమ్మ తన కొడుకు పదహారంగుళాల చక్రాల సైకిల్ ఇచ్చింది. సీటు కింద గొట్టం మీద ముగ్గురు పిల్లల పేర్లు గీసి ఉన్నాయి. ఉప్పుగాలికి చైను ఎర్రగా తుప్పు పట్టింది.

పెడళ్లు విప్పడానికి నేనూ లీనెట్టూ కూర్చున్నాం. కుడిది వచ్చింది. ఎడమది నేను ఎంత తిప్పినా రాదు.

"అమ్మా, బిగిస్తున్నావు, విప్పడం లేదు" అంది లీనెట్.

"ఇది తిరగేసి ఉంటుంది" అన్నాను, అప్పుడు గుర్తొచ్చి.

"నీకెలా తెలుసు?"

"ఎక్కడో విన్నాను."

అది నా మొహంలోకి చూసింది. నేను పానా వైపు చూశాను.

పిప్పా ఇప్పుడు వాకిట్లో కాళ్లతో తోసుకుంటూ బాతులా తిరుగుతోంది. "అమ్మమ్మా, కళ్లు మూసుకోకు, నన్ను చూడు" అని అరుస్తుంది. నేను కళ్లు మూసుకున్న సంగతి దానికెలా తెలుస్తుందో! పక్క చక్రాలు పెడితే నాకు కాస్త నిద్ర పడుతుందేమో అనిపిస్తుంది. నువ్వు వద్దన్నావు. అవి పెట్టాలంటే వెనక నట్లు విప్పాలి కదా? ఊరికే అడుగుతున్నాను.

మావిస్


పోర్ట్ మక్వారీ,
ఆగస్టు 2

అక్కా,

హేజెల్‌కి ఆపరేషన్ అయింది. నడుస్తోంది, నన్ను తిడుతోంది, అంటే బాగున్నట్టే.

అవును, పక్క చక్రాలకి వెనక ఇరుసు నట్లు విప్పాలి. అందుకే పెట్టొద్దు.

ఆ చైను మార్చెయ్యండి. తుప్పు పట్టిన చైనుని నూనె బాగు చెయ్యదు. కొత్తది వేశాక, సముద్రం పక్కకి వెళ్లొచ్చిన ప్రతిసారీ వాననీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక్కో లంకెకి ఒక్కో చుక్క నూనె. కారేంత పోస్తే ఇసుక అంటుకుంటుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే బొటనవేలి మందం కదలాలి. అంతకన్నా వదులైతే వెనక చక్రాన్ని వెనక్కి లాగి రెండు నట్లూ పానాతో బిగించాలి. చేత్తో కాదు. పటకారుతో కాదు. పానాతో.

ఎందుకు చెబుతున్నానంటే, ఈ చిన్న సైకిళ్లలో ముఖ్యమైన బ్రేకు వెనక్కి తొక్కితే పడేది. అది చైను మీద ఆధారపడి ఉంటుంది. నట్టు వదులైతే చక్రం ముందుకి జారుతుంది, చైను ఊడుతుంది, ఊడిందంటే పిల్ల ఎంత వెనక్కి తొక్కినా గాలిలో తొక్కినట్టే. చేతి బ్రేకు కూడా ఉంటే మంచిది. పిల్ల వేళ్లు ఆ బ్రేకు కడ్డీకి అందుతున్నాయో లేదో చూడు.

ఆ రోజు లీనెట్ సైకిల్‌కి చేతి బ్రేకు లేదు.

రాయకూడదనుకున్నాను. హేజెల్ రాయమంది. అక్కా, ఆ శుక్రవారం నేను ఆ నట్లు బిగించాను. నాకు గుర్తుంది. పక్క చక్రాలు తీసి నీ చేతిలో పెట్టాను, కుడి నట్టు, ఎడమ నట్టు, పానా మీద నా బరువంతా వేశాను. కానీ ఒకే సంగతి ముప్పై ఎనిమిదేళ్లు తలుచుకునేసరికి చివరికి అది నిజంగా జరిగిందో, జరగాలని నేను కోరుకున్నానో తెలియకుండా పోయింది. మర్నాడు లీనెట్ వాలులో పడ్డాక నీ మొగుడు వెర్న్ ఆ సైకిల్ తెచ్చి నా షెడ్డు ముందు విసిరేశాడు. నట్లు వదులుగా ఉన్నాయి. వాటి మీద పటకారు పళ్ల గాట్లు ఉన్నాయి. నేను పటకారు వాడను. వెర్న్ చక్రం పీకబోయి గాట్లు పెట్టాడనుకున్నాను. ఓడ వచ్చిన రోజు రేవులో అందరి ముందూ అతను అన్న మాటలు నీకు గుర్తుండే ఉంటాయి. అతని పక్కనే ఉన్నావు.

తర్వాత రంపపు మిల్లులో చేరాను. నా మనవల సైకిళ్లకి గాలి కూడా కొట్టలేదు. కొట్టమని వాళ్లు అడిగితే పంపు పాడైందని చెప్పేవాణ్ణి.

క్లెమ్


లార్డ్ హోవ్ దీవి,
ఆగస్టు 30

తమ్ముడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. నాకు చదువు తక్కువ, మాటలు వరసగా రావు. చెప్పాల్సింది మాత్రం ఒకటే.

నువ్వు బిగించావు. నీ చేతులు ఏ తప్పూ చెయ్యలేదు.

శనివారం పొద్దున వెర్న్ చేపలకి వెళ్లాడు. నువ్వు ఇచ్చిన ఆ సైకిల్ వాకిట్లో ఉంది. ఆరేళ్ల పిల్ల, రెండే చక్రాలు, ఆ వాలు. నువ్వు నా చేతిలో పెట్టిన పక్క చక్రాలు మళ్లీ బిగించేద్దామనుకున్నాను. పానా కనపడలేదు. వెర్న్ చేపల పెట్టెలోని పటకారు తీసుకున్నాను. వెనక నట్లు విప్పి అవి తొడిగాను. లీనెట్ వచ్చి చూసి నేల మీద పడి ఏడ్చింది. "అందరూ నవ్వుతారమ్మా, పసిపిల్ల సైకిలంటారు" అని. అరగంట ఏడ్చింది. ఆ ఏడుపు భరించలేక మళ్లీ తీసేశాను. నట్లు చేత్తో తిప్పి, పటకారుతో ఇంకాస్త తిప్పాను. గట్టిగానే ఉన్నాయనుకున్నాను. భోజనం అయ్యాక అది వాలులోకి వెళ్లింది.

రాతి గోడ దగ్గర దాన్ని ఎత్తుకున్నప్పుడు, "తొక్కాను అమ్మా, వెనక్కి తొక్కాను" అంది. అదే మాట. ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వెర్న్ నీ షెడ్డుకి వెళ్తున్నాడని తెలిసినా నోరు తెరవలేదు. రేవులో అతను నిన్ను "పిల్లల కాళ్లూ చేతులూ విరిచే పనివాడు" అన్నప్పుడు నా చేతిలో గుడ్ల బుట్ట ఉంది. గుడ్లు పగులుతాయేమోనని బుట్ట గట్టిగా పట్టుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. నువ్వు ఓడెక్కావు. ఉత్తరంలో చెబుదామనుకున్నాను. వెర్న్ పోయాక చెబుదామనుకున్నాను. అతను పోయి పదకొండేళ్లయింది.

పుట్టినప్పటి నుంచి ప్రతిదానికీ భయపడ్డాను తమ్ముడూ. గాలికీ, వానకీ, పిల్లకి జ్వరమొస్తుందనీ. భయపడటమే ప్రేమ అనుకున్నాను. ఆ భయమే లీనెట్ చెయ్యి విరిచింది. చెప్పడానికి భయపడి నీ బతుకు కూడా విరిచాను.

ఆ రెండు చిన్న చక్రాలు పిండి సంచిలో చుట్టి ఇంటి కింద పెట్టాను. ఇంకా అక్కడే ఉన్నాయి.

మావిస్


లార్డ్ హోవ్ దీవి,
అక్టోబరు 6

క్లెమ్,

టపా సంచి చాలాసార్లు వచ్చింది, నీది లేదు. హేజెల్ ఎలా ఉంది? అదొక్కటి రాయి చాలు. నా గురించి ఏమీ రాయక్కర్లేదు.

పిప్పా వాలు లేని దారిలో రెండు కాళ్లూ ఎత్తి ఏడు లెక్కపెట్టే దాకా జారింది. లీనెట్ పెడళ్లు పెడతానంటోంది. కొత్త చైను వేయించాం. వెనక నట్లు నేను ముట్టుకోలేదు.

మావిస్


పోర్ట్ మక్వారీ,
నవంబరు 9

అక్కా,

హేజెల్ కర్ర లేకుండా నడుస్తోంది.

నీ ఉత్తరం చదివి మిల్లు వెనక ఏటిగట్టున చాలాసేపు కూర్చున్నాను. సంతోషించాలి కదా, నా తప్పు లేదని తేలింది. సంతోషం రాలేదు. ముప్పై మూడేళ్ల వయసులో నాకు ఒక షెడ్డు ఉండేది, దాని తలుపు మీద దీవిలోని ప్రతి పిల్ల కాలి కొలతా పెన్సిలుతో గీసి ఉండేది. ఏటా పుట్టినరోజుకి వచ్చి గీత గీయించుకునేవాళ్లు, కొత్త సైకిల్‌కి ఎదిగారో లేదో చూసుకోవడానికి. ఆ తలుపు ఇప్పుడెక్కడుందో కూడా తెలీదు. అది నీ గుడ్ల బుట్ట కన్నా తేలికైనదా?

నువ్వు పటకారుతో తిప్పినందుకు కాదు నాకు కోపం. పిల్ల ఏడుస్తుంటే ఏ తల్లయినా తీసేస్తుంది. తర్వాతి ముప్పై ఎనిమిదేళ్లకి కోపం. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపావు. ప్రతి కార్డులో నా చెవి సంగతి అడిగావు.

నాకు చెప్పడం సగమే. లీనెట్‌కి చెప్పు. నువ్వు చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు. పిప్పా సైకిల్‌కి పెడళ్లు పెట్టొచ్చు, అది మీ గొడవల కోసం ఆగక్కర్లేదు. మొదట గడ్డి మీద, కొద్దిపాటి వాలులో. సీటు వేలెడు పైకి లేపండి.

క్లెమ్


లార్డ్ హోవ్ దీవి,
జనవరి 17

తమ్ముడూ,

చెప్పాను. క్రిస్మస్ అయ్యాక చెబుదామనుకున్నాను. మళ్లీ 'తర్వాత' అంటున్నానని నాకే తెలిసి, క్రిస్మస్‌కి ముందే చెప్పాను.

పిండి సంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. లీనెట్ పళ్లేలు కడుగుతోంది. చెప్పినంత సేపూ వెనక్కి తిరగలేదు. తర్వాత చేతులు తుడుచుకుని సంచి విప్పింది. ఆ చిన్న చక్రం ఒకటి వేలితో తిప్పింది. ఇంకా తిరుగుతోంది తమ్ముడూ, కీచుమంటూ.

"చెయ్యి సంగతి వదిలెయ్" అంది. "వంకర చేత్తో బతకడం ఎప్పుడో అలవాటైంది. మామయ్య నా ప్రతి పుట్టినరోజుకీ కార్డు పంపేవాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పంపాడు. ఒక్కటీ విప్పలేదు నేను. నీ ముందే పొయ్యిలో పడేసేదాన్ని. నువ్వు చూస్తూ ఉండేదానివి. నాచేత చేయించావమ్మా."

కార్డుల సంగతి నువ్వు ఎప్పుడూ రాయలేదు. నేనూ రాయలేదు.

మూడు వారాలు నాతో అవసరానికే మాట్లాడింది. "ఉప్పు", "తలుపు", "పిప్పాని చూడు". నేను సర్దిచెప్పబోలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

నిన్న పిప్పా వాలు దిగింది. ఆ వాలే. నాకు తెలియకుండా వాళ్లమ్మతో వెళ్లింది. నేను రోడ్డు మలుపు తిరిగేసరికి పైనుంచి వస్తోంది. లీనెట్ కింద రాతి గోడకి అడ్డంగా నిలబడి చేతులు చాచింది. ఒక చెయ్యి తిన్నగా, ఒక చెయ్యి వంగి. పిప్పా సగం దారిలో వెనక్కి తొక్కింది. చక్రం గీసుకుంటూ ఆగింది. గోడకి ఇంకా చాలా దూరం ఉంది.

"అమ్మమ్మా, ఈసారి కళ్లు మూసుకున్నావా?" అంది.

మూసుకోలేదు. మొదటిసారి.

లీనెట్ సైకిల్ చైను నొక్కి చూసింది. కాస్త వదులైందట. పానా తీసుకుని, మళ్లీ కింద పెట్టేసింది. అడుగున ఒక మాట రాస్తానంది.

మావిస్

మామయ్యా,
పానా మా దగ్గర ఉంది. ఎంత బిగించాలో చెప్పేవాళ్లు లేరు. మీరు వచ్చి చూపిస్తారా? పిప్పా కాలు నలభై తొమ్మిదికి వచ్చింది. షెడ్డు పడగొట్టినప్పుడు తలుపు బడివాళ్లు తీసుకెళ్లారు. సామాన్ల గదిలో ఉంది, వెళ్లి చూశాను. నా గీతలు ఆరేళ్ల దాకా ఉన్నాయి.
లీనెట్


పోర్ట్ మక్వారీ,
ఫిబ్రవరి 12

అక్కా,

తలుపు ఉందని చదివి హేజెల్‌కి వినిపించాను. రెండోసారి ఆవిడే చదివింది.

ఒక సంగతి నేనూ దాచాను. నా వేళ్ల పట్టు పోయింది. రెండేళ్లుగా కీళ్లనొప్పులు, పిడికిలి మూయలేను. ఈ ఉత్తరాలన్నీ నేను చెబుతుంటే హేజెల్ రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని కూడా నువ్వు గమనించలేదు, ఏమేం తలుచుకుని భయపడుతున్నావో మరి. నా చేతులు తప్పు చెయ్యలేదని నువ్వు చెప్పేసరికి అవి పానా పట్టుకోలేని చేతులైపోయాయి. అదొక్కటే నన్ను బాధపెడుతోంది.

అందుకని, లీనెట్ బిగిస్తుంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతాను. ఎంత బిగించాలో మాటల్లో చెప్పడం కష్టం, పానా మీద దాని చెయ్యి మీద నా చెయ్యి పెడితే తెలుస్తుంది. అంత పని ఇంకా చెయ్యగలను. పిప్పాకి తర్వాతి సైకిల్ ఇప్పుడే కొనొద్దు. ముందు ఆ తలుపు దగ్గరికి పిల్లని తీసుకురండి, వాళ్లమ్మ గీతల పక్కన దాని గీత గీద్దాం.

నిన్ను క్షమించానా అని విమానం దిగగానే అడగకు. నాకు తెలీదు. టీ పెట్టు. వాతావరణం గురించి భయపడు, అది నీకు బాగా వచ్చు.

హేజెల్ కూడా వస్తోంది. కుక్కని పక్కింటివాళ్లు చూసుకుంటారు. అప్పటిదాకా పిప్పాని వాలు ఎక్కనివ్వకండి, ఆ వెనక నట్ల జోలికి నువ్వు పోకు. మేము దిగేది మార్చి పద్నాలుగు, శనివారం.

క్లెమ్